ముందు చక్రం మీదికి బరువు

మా బాబాయికి విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షెడ్డు ఉండేది. షెడ్డు ముందు ఆయన బుల్లెట్ 350 నిలబడి ఉండేది. సాయంత్రం దాని చప్పుడు వీధి మొదట్లో వినపడగానే మేం పిల్లలం గేటు తీసేవాళ్లం. ఒకే సిలిండర్ ఇంజన్ మీద నా ప్రేమ అక్కడే మొదలైంది. ఒక్కో పేలుడూ విడిగా వినపడాలి. వెనక చక్రం నేలను పట్టి పట్టి నెడుతున్నట్టు ఒంటికి తెలియాలి. నాలుగు సిలిండర్ల బండి ఎంత వేగంగా పోయినా నాకు ఆ తృప్తి దొరకదు.

ఉద్యోగం మీద అట్లాంటా వచ్చి, కాస్త నిలదొక్కుకున్నాక కొన్న మొదటి పెద్ద బండి కేటీఎం 690 ఎస్ఎంసీ ఆర్, 2019 మోడల్. ఇది సూపర్‌మోటో. మట్టిలో ఎగిరే మోటోక్రాస్ బండికి 17 అంగుళాల తారురోడ్డు చక్రాలు, పెద్ద ముందు బ్రేకు పెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. 693 సీసీ, 74 హార్స్‌పవర్. పెట్రోలు పోయకముందు 147 కిలోలు. బుల్లెట్ పిస్టన్ అడ్డం 70 మి.మీ., అది కదిలే దూరం 90 మి.మీ. దీని పిస్టన్ అడ్డం 105, కదిలేది 80 మాత్రమే. అందుకే బుల్లెట్ నింపాదిగా నడుస్తుంది, ఇది 8,000 ఆర్‌పీఎం దాకా పరిగెడుతుంది. రెండింటి గుండె చప్పుడు మాత్రం ఒకటే.

రెండేళ్లు దీన్ని ఊరి బయట చిన్న గో-కార్ట్ ట్రాకుల మీద, సూపర్‌మోటో పద్ధతిలో కాలు బయటికి చాచి తోలాను. తర్వాత ఒక అక్టోబరులో అలబామాలోని బర్మింగ్‌హామ్ పక్కనున్న బార్బర్ మోటార్‌స్పోర్ట్స్ పార్కుకి వింటేజ్ ఫెస్టివల్ చూడటానికి వెళ్లాను. అక్కడ అమెరికన్ హిస్టారిక్ రేసింగ్ మోటార్‌సైకిల్ అసోసియేషన్ వాళ్ల రేసులు జరుగుతాయి. అందరూ దాన్ని 'ఆర్మా' అంటారు. పాత బళ్లతో పాటు 'సౌండ్ ఆఫ్ సింగిల్స్' అని ఒక తరగతి ఉంది. అందులో పోటీ పడేవి ఒకే సిలిండర్ బళ్లు. అవన్నీ కలిసి గట్టు ఎక్కి వస్తుంటే ఆ మోత నేలలోంచి కాళ్లలోకి వచ్చింది. డుకాటీ వాళ్లు 1993లో చేసిన సూపర్‌మోనో గురించి ఎప్పటి నుంచో చదువుతున్నాను. అది 549 సీసీ బండి, ఊగుడు తగ్గించడానికి పిస్టన్ లేని రెండో కనెక్టింగ్ రాడ్ పెట్టారు, మొత్తం 67 మాత్రమే చేశారు. అలాంటిది కొనడం నాలాంటి వాడి వల్ల కాదు. ఉన్న బండినే రోడ్ రేసుకి, అంటే ఇలాంటి పెద్ద తారు ట్రాక్ మీద జరిగే రేసుకి, తయారు చేసుకోవాలని ఆ గట్టు మీదే అనుకున్నాను.

ముందు బండిని ఉన్నదున్నట్టుగా ఒక ట్రాక్ డేకి, అంటే ఎవరి బండి వాళ్లు రేసు ట్రాక్ మీద తోలుకునే రోజుకి, తీసుకెళ్లాను. కార్ట్ ట్రాక్ మీద వెన్నలా తిరిగే బండి పెద్ద ట్రాక్ మీద నన్ను భయపెట్టింది. గంటకు 100 మైళ్లు దాటేసరికి గాలి ఛాతీని వెనక్కి తోస్తోంది. పడిపోకుండా హ్యాండిల్ పట్టుకుని వేలాడుతున్నాను. నేనలా లాగడంతో ముందు చక్రం తేలికై హ్యాండిల్ వణికింది. బ్రేకు పడితే ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టుకుని స్ప్రింగు మీద ఆడే రెండు కాళ్లు, జానెడు లోపలికి దిగి, వెనక చక్రం గాల్లోకి లేస్తోంది. బ్రేకు వదిలి మలుపులోకి వంచగానే అదే ఫోర్కు పైకి తన్నుకొస్తోంది. టైరుకి బరువు కావలసిన క్షణంలోనే అది బరువు వదిలేస్తోంది.

నా పక్క టెంట్‌లో ఒక పెద్దాయన ఉన్నారు. ముప్పై ఏళ్లుగా రేసులు చేస్తున్న మనిషి. ఎగ్జాస్ట్, ఈసీయూ మ్యాప్ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ సెట్టింగులు) అంటూ నేను చెప్పబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "ఇంజన్ జోలికి వెళ్లకు. ఇంటికెళ్లి ముందు చక్రం కింద ఎంత, వెనక చక్రం కింద ఎంత ఉందో తూచి చూడు" అన్నారు. తర్వాత ఏడాది పాటు నేను చేసిన పనంతా ఆ మాట చుట్టూనే తిరిగింది.

బాత్రూంలో బరువు చూసుకునే మిషన్లు రెండు తెచ్చి చక్రాల కింద పెట్టాను. హెల్మెట్, లెదర్ సూట్ వేసుకుని బండెక్కి కూర్చున్నాను. మా ఆవిడ వెనక నుంచి బండి పడకుండా వేళ్లతో ఆనించి పట్టుకుని అంకెలు చదివింది. మొత్తం 235 కిలోలు. ముందు 108, వెనక 127. అంటే ముందు చక్రం మీద 46 శాతమే. రేసు బళ్లలో ముందూ వెనకా దాదాపు సమానంగా ఉంటుంది. కాగితం మీద '46' రాసి గ్యారేజ్ గోడకి అంటించాను.

మొదట చేసింది తేలిక పని, అది తప్పు పని కూడా. ఫోర్కు కాళ్లను పట్టుకునే క్లాంపులు వదులు చేసి, కాళ్లను 25 మి.మీ. పైకి జరిపి బిగించాను. ముందు భాగం కిందికి దిగింది, బండి కాస్త చురుగ్గా తిరిగింది. రెండో రోజు చూస్తే మడ్‌గార్డ్ లోపల నల్లటి టైరు గీతలు. విషయం అప్పుడు అర్థమైంది. కాళ్లను పైకి జరిపితే ఫోర్కు పూర్తిగా ముడుచుకున్నప్పుడు చక్రం కూడా అంతే పైకి వస్తుంది. గట్టి బ్రేకులో, గతుకు మీద, టైరు మడ్‌గార్డ్‌ని రాసుకుంది. అది పట్టేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

సరైన పద్ధతి ఫోర్కు లోపల ఉంది. ఈ ఫోర్కు 215 మి.మీ. కదులుతుంది. గతుకుల్లో దూకే బండికి అది కావాలి, నున్నటి ట్రాక్ మీద అక్కర్లేదు. లోపలి రాడ్డు మీద ఒక గొట్టం ముక్క వేస్తే ఫోర్కు అంత పొడుగు సాగలేదు. ముడుచుకునే వైపు మాత్రం ఎప్పటిలాగే ఆగుతుంది, కాబట్టి టైరు దేనికీ తగలదు. 75 మి.మీ. అల్యూమినియం గొట్టాలు రెండు చెయ్యాలని లెక్క తేలింది.

నెలకింత అని కట్టి లేత్ వాడుకునే వర్క్‌షాప్ ఒకటి మా ఇంటికి దగ్గర్లో ఉంది. శనివారం రాత్రి తొమ్మిదింటికి అక్కడి నుంచి బాబాయికి వీడియో కాల్ చేశాను. ఆయనకి ఆదివారం పొద్దున్న ఆరున్నర. కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని చూస్తున్నారు.

"రెండు ముక్కలూ విడివిడిగా కొలిచి కొయ్యకురా. ఒక దాని పక్కన ఒకటి పెట్టి బల్ల మీద నిలబెట్టు. వేలు పైన పెట్టి జరిపితే మెట్టు తగలకూడదు" అన్నారు.

"పదో వంతు మిల్లీమీటర్ తేడా ఉంది బాబాయ్, పర్లేదా?"

"నీకు పర్లేదు. రేపు బ్రేకు పట్టినప్పుడు బండిని అడుగు."

మళ్లీ లేత్ మీద ముక్క చివర చెక్కి చదును చేశాను. వేలికి మెట్టు తగలలేదు.

అప్పుడు స్ప్రింగుల సంగతి వచ్చింది. గొట్టం 75 మి.మీ. చోటు తినేసింది కాబట్టి పాత స్ప్రింగు పెడితే ముందే అంత నొక్కుకుని కూర్చుంటుంది. స్ప్రింగుని మూడో వంతు కోసేస్తే సరిపోతుందిగా అన్నాను. ఎటూ కోసిన స్ప్రింగు గట్టిపడుతుంది. చుట్లు మూడో వంతు తగ్గితే గట్టితనం ఒకటిన్నర రెట్లవుతుంది, నాకు కావలసిందీ అదే. బాబాయి ఒప్పుకోలేదు. కోసిన చివర చదునుగా కూర్చోదని, కూర్చోబెట్టడానికి వేడి చేస్తే అక్కడ పదును పోయి ఆ చుట్టే విరుగుతుందని గట్టిగా చెప్పారు. ఆయన మాట విని పొట్టి, గట్టి స్ప్రింగులు ఆర్డర్ పెట్టాను. ఖర్చు పెరిగింది, మూడు వారాలు ఆగాల్సి వచ్చింది. ఆయన చెప్పిందే సరైనదని ఇప్పటికీ నమ్ముతాను.

ఫోర్కు కాలికి బయట ఒక జిప్ టై కట్టాను. ఫోర్కు దిగినప్పుడల్లా దాన్ని నెట్టుకుంటూ వెళ్లి, ఎంత దిగిందో అక్కడ వదిలేస్తుంది. ఈ పని మొత్తంలో నాకు ఎక్కువ నేర్పింది పైసా విలువ లేని ఆ ప్లాస్టిక్ ముక్కే.

వెనక చక్రం కుదుపుల్ని ఆపే షాక్‌ని ఒక సస్పెన్షన్ షాపుకి ఇచ్చాను. ముందు ఎంత దించానో వెనకా అంతే దించమని కాగితం మీద రాసిచ్చాను. వాళ్లు నేను రాసినట్టే చేశారు, తప్పు నాదే. అలబామాలోనే తల్లాడేగా దగ్గర ఒక చిన్న రోడ్ రేస్ ట్రాక్ ఉంది, చుట్టు 1.33 మైళ్లు. అక్కడికి తీసుకెళితే బండి ఎత్తు తగ్గింది, బ్రేకింగ్ బాగుపడింది. కానీ మలుపు మధ్యలో థ్రాటిల్ తెరవగానే నేను చూసే చోటికి కాకుండా గడ్డి వైపుకి పోతోంది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఎంత నెమ్మదిగా తెరిచినా అదే వరస.

కారణం స్వింగ్‌ఆర్మ్ వాలు. వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడే చెయ్యి అది. వెనక చక్రం ఇరుసు కన్నా స్వింగ్‌ఆర్మ్ బిగించిన చోటు ఎత్తులో ఉండాలి. ఆ వాలు ఉంటే థ్రాటిల్ తెరిచినప్పుడు వెనక భాగం కూలబడకుండా చెయిన్ లాగుడు, చక్రం తోపుడు కలిసి నిలబెడతాయి. వెనక మరీ దించేసరికి ఆ వాలు చదునైపోయింది. తెరిచిన ప్రతిసారీ వెనక కూర్చుంటోంది, ముందు తేలుతోంది. ఎంతో కష్టపడి ముందుకి తెచ్చిన బరువు థ్రాటిల్ తెరిచిన మరుక్షణం వెనక్కి జారిపోతోంది.

షాక్ మళ్లీ విప్పించి వెనక 15 మి.మీ. లేపాను. అంటే ముందు 75 దిగింది, వెనక 60 దిగింది. చక్రాల మధ్య దూరం 1,470 మి.మీ. దాకా ఉంటుంది కాబట్టి ఈ 15 మి.మీ. తేడాతో ఫోర్కు వాలు సుమారు అర డిగ్రీ నిటారు అవుతుంది. అర డిగ్రీ అంటే ఏముందిలే అనిపిస్తుంది. అదే ట్రాక్ మీద, అదే మలుపులో, బండి లోపలి అంచుని వెతుక్కుంటూ వెళ్లింది. హెల్మెట్‌లో గట్టిగా అరిచాను.

ఎత్తు తగ్గింది కాబట్టి ఫుట్‌పెగ్‌లు నేలకి గీసుకోవడం మొదలుపెట్టాయి. సూపర్‌మోటో పెగ్‌లు కిందికి, ముందుకి ఉంటాయి, ఎందుకంటే అక్కడ నిలబడీ తోలతారు, కాలు చాచీ తోలతారు. రోడ్ రేసులో మోకాలు దించి, పొట్ట ట్యాంకుకి ఆనించి పడుకోవాలి. 10 మి.మీ. అల్యూమినియం పలకతో బ్రాకెట్లు చేసి పెగ్‌లను పైకి, వెనక్కి జరిపాను. గేర్ లివర్‌కి కొత్త రాడ్డు వేశాను. వెడల్పాటి హ్యాండిల్ తీసి ఫోర్కు కాళ్లకే బిగించే క్లిప్-ఆన్‌లు పెట్టాను. తల, భుజాలు ముందుకి వచ్చాయి. ఆ ఒక్క మార్పు తర్వాత తూస్తే ముందు 48 శాతం దాటింది. కాలు చాచే అలవాటు మానడానికి మాత్రం నాలుగు ట్రాక్ డేలు పట్టింది. మలుపు రాగానే నా అనుమతి లేకుండానే కాలు బయటికి వెళ్లిపోయేది.

పెట్రోలు ట్యాంకు సంగతి విచిత్రం. ఈ బండిలో ట్యాంకు ముందు ఉండదు, సీటు కింద వెనక ఉంటుంది. వెనక ఫ్రేమ్‌లా బరువు మోసేది కూడా ఆ ప్లాస్టిక్ ట్యాంకే. తీసి పారేయడానికి లేదు. 13.5 లీటర్లు పడుతుంది. రేసుకి 5 లీటర్లు పోస్తే మిగతా ఎనిమిదిన్నర లీటర్ల బరువు, అంటే ఆరు కిలోల పైన, వెనక నుంచి పోతుంది. రూపాయి ఖర్చు లేకుండా దొరికిన మార్పు ఇదొక్కటే.

ఫెయిరింగ్, అంటే గాలిని తప్పించే ముందు తొడుగు, ఒక పాత రేసు బండిది, సగం ముక్క దొరికింది. దాన్ని హ్యాండిల్‌కి కాకుండా ఫ్రేమ్‌కే బిగించాలి. హ్యాండిల్‌కి కడితే గాలి కొట్టే ప్రతి దెబ్బా స్టీరింగ్‌లోకి వస్తుంది. గాలిని చీల్చడానికి కావలసిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం పది శాతం పెరగాలంటే పవర్ మూడో వంతు పెరగాలి. 74 హార్స్‌పవర్‌ని 98 చెయ్యడం నా చేతుల్లో లేదు, గాలికి అడ్డం పడకుండా పడుకోవడం నా చేతుల్లో ఉంది. ఫెయిరింగ్‌తో పాటు, హ్యాండిల్ ఊగుడుని అణిచే స్టీరింగ్ డ్యాంపర్ కూడా పెట్టాక ఆ వణుకు పోయింది.

టైర్ల దగ్గర చాలామంది వెనక 180 మి.మీ. వెడల్పు టైరు వెయ్యమన్నారు, చూడటానికి బాగుంటుందని. వెనక రిమ్ము 5 అంగుళాలు. 180 టైరుకి అయిదున్నర కావాలి. ఇరుకు రిమ్ము మీద వేస్తే టైరు నొక్కుకుపోయి అంచుల గుండ్రం మారిపోతుంది. కంపెనీ ఇచ్చిన 160 కొలతలోనే రేసు టైరు వేశాను, ఇప్పటికీ మార్చలేదు. వెనక చక్రానికి ఉండే చెయిన్ పళ్ల చక్రంలో (స్ప్రాకెట్) రెండు పళ్లు తగ్గించాను.

ఇంజన్ గురించి చెప్పాల్సింది తక్కువ. పెద్దాయన మాట మీద దాన్ని వదిలేశాను. వాల్వ్ క్లియరెన్స్ చూసుకున్నాను, రెండు రేసులకోసారి ఆయిల్ మారుస్తాను. ఇంజన్ ఊపిరి వదిలే బ్రీతర్ గొట్టాన్ని, ఆయిల్ వస్తే పట్టుకునే ఒక క్యాచ్ బాటిల్‌లోకి పెట్టాను. అంతే.

రేసుకి ముందు బండి భద్రంగా ఉందో లేదో చూసే టెక్ ఇన్‌స్పెక్షన్ కోసం చేసిన పని మాత్రం అన్నిటికన్నా ఓపిక అడిగింది. డ్రెయిన్ బోల్టు, ఆయిల్ మూత, ఫిల్టర్ కవర్ బోల్టులు ఇవన్నీ వాటంతటవి ఊడకుండా తీగతో కట్టాలి. అందుకు ఒక్కో బోల్టు తలలో ఒకటిన్నర మి.మీ. రంధ్రం వెయ్యాలి. గట్టి ఉక్కు బోల్టులో ఆ సన్నటి బిట్ వంకర పడితే టప్‌మని విరుగుతుంది. ఏడు విరగ్గొట్టాక చేతికి ఒడుపు వచ్చింది. ముందు సెంటర్ పంచ్ కొట్టాలి, నూనె చుక్క వెయ్యాలి, నొక్కకుండా బిట్‌ని తన దారిన పోనివ్వాలి. తీగ ఎప్పుడూ బోల్టు బిగిసే వైపుకి లాగాలి. రేడియేటర్‌లో కూలెంట్ తీసేసి నీళ్లు పోశాను. కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ ట్రాక్ మీద పడితే నూనెలా జారుతుంది, తొందరగా ఆరదు కూడా. ఇంజన్ కింద అల్యూమినియం రేకుతో తొట్టి కట్టాను. ఇంజన్ పగిలినా ఆయిల్ అందులోనే ఉండాలి. ఇవన్నీ నా కోసం కాదు, నా వెనక వచ్చేవాళ్ల కోసం. అది తెలిశాక ఆ తీగలు కట్టడం నాకు విసుగనిపించలేదు.

అయినా మొదటిసారి ఇన్‌స్పెక్షన్ దాటలేదు. ఫిల్టర్ కవర్‌కి ఒక బోల్టు తీగని, బోల్టు వదులయ్యే వైపుకి చుట్టాను. చూసినావిడ వేలితో మెల్లగా ఆడించి, ఒక్క మాట అనకుండా ప్లయర్ నా చేతికిచ్చింది. అక్కడే మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ కట్టాను. స్టిక్కర్ అంటించింది.

రేసింగ్ స్కూలు పూర్తి చేసి లైసెన్సు తెచ్చుకున్నాక, అదే అక్టోబరు పండగకి బార్బర్ వెళ్లాను. తెల్లవారుజామున నాలుగింటికి ట్రెయిలర్ కట్టుకుని బయల్దేరాం. అలబామాలో గడియారం ఒక గంట వెనక కాబట్టి గేటు తెరిచేసరికి అక్కడున్నాం. మా ఆవిడ పులిహోర చేసి తెచ్చింది. పక్క టెంట్ పెద్దాయన రెండుసార్లు పెట్టించుకున్నారు. ముందు రోజు రాత్రి ఇంట్లో చివరిసారి తూచాం. మొత్తం 222 కిలోలు, ముందు 112, వెనక 110. గోడ మీద '46' కొట్టేసి '50' రాసింది తనే. నా టెన్షన్ అంతా అప్పటికే ఆ అంకెలో కలిసిపోయింది, రాత్రి బాగా నిద్రపట్టింది.

బార్బర్ చుట్టు 2.38 మైళ్లు. ఎక్కుడు దిగుడులు ఎక్కువ, పొడవైన స్ట్రెయిట్ తక్కువ. అందుకే తేలికైన సింగిల్స్‌కి నచ్చే ట్రాక్. ఐదో మలుపుని షార్లెట్స్ వెబ్ అంటారు, అక్కడ పెద్ద సాలీడు బొమ్మ ఉంటుంది. దిగుడులో గట్టిగా బ్రేకు పట్టి తిరగాల్సిన చోటు. ట్రాక్ డే నాడు వెనక చక్రం లేచి నన్ను వణికించింది ఇలాంటి దిగుడులోనే. రేసు మొదటి ల్యాపులో అక్కడికి వస్తూ గొంతు ఎండిపోయింది. బ్రేకు పట్టాను. ఫోర్కు దిగింది, ఆగింది, అక్కడే నిలబడింది. వెనక చక్రం నేల మీదే ఉంది. బ్రేకు మెల్లగా వదులుతూ వంచితే ముందు టైరు ఏం చేస్తోందో నా రెండు అరచేతులకీ తెలుస్తోంది. ఏడాదిగా నేను వెతుకుతున్నది అదే. నాలుగో ల్యాపులో ఆ మలుపులోనే ఒకతన్ని లోపలి వైపు నుంచి దాటాను.

పదిహేను మందిలో తొమ్మిదో స్థానం వచ్చింది. దిగగానే హెల్మెట్ కూడా తీయకుండా ఫోర్కు దగ్గర కూర్చున్నాను. ఫోర్కు పూర్తిగా ముడుచుకునే చోటికి 8 మి.మీ. ముందే జిప్ టై ఆగి ఉంది. అంటే ఫోర్కు ఉన్న ప్రయాణమంతా దాదాపు వాడుకుంది, కానీ చివరికి తగల్లేదు. ఫోటో తీసి బాబాయికి పంపాను. అక్కడ అర్ధరాత్రి దాటింది, అయినా రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది.

"ఎనిమిదేనా? ఎండాకాలంలో ఆయిల్ ఇంకా పల్చబడుతుందిరా. ఇంకో ఐదు మిగిలేలా చూసుకో" అన్నారు.